నీలి పిడి బ్రష్

జూన్ 3
బస్సు బాడీల ఫ్యాక్టరీలో వెల్డర్ పోస్టు ఒక్కటే. పోటీకి నేనూ అన్నయ్యా. టెస్టు ఇరవయ్యో తేదీ. జాయింట్లు ఇంట్లోనే బిగించి తీసుకెళ్ళి, అక్కడ వెల్డ్ చెయ్యాలి. తర్వాత సుత్తితో కొట్టి చూస్తారు.

జూన్ 5
షెడ్డులో ప్రాక్టీసు. రెండు అల్యూమినియం గొట్టాలు కలిసేచోట లోపల చిన్న గొట్టం దూర్చాలి. అదే స్లీవ్. అన్నయ్య అతుకు మిషను మీద కుట్టినట్టుంది. నాది చంటిపిల్లాడి ముక్కులా ఉంది. పని నేర్పింది అన్నయ్యే. ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 6
అన్నయ్య మొదటి పాఠం: వెల్డింగుకి ముందు స్లీవ్ గీకే తీగల బ్రష్ ఇనుముకి తగలకూడదు. తగిలితే వెల్డ్ నల్లబడి బుడగలొస్తాయి. అందుకే తన బ్రష్ పిడికి నీలం రంగు వేసుకున్నాడు.
ఇవాళ దాంతో మా తుప్పు గేటును పదిసార్లు గీకాను. దులిపి మేకుకి తగిలించాను.

జూన్ 7
అన్నయ్య అతుకు నల్లగా వచ్చింది. ఎంత హాయిగా ఉందో!

జూన్ 11
రోజూ పొద్దున్నే గీకుతున్నాను. గేటు తళతళలాడుతోంది. అన్నయ్య గ్యాస్ మార్చాడు, రాడ్డు మార్చాడు. బ్రష్‌ని అనుమానించలేదు, నన్నూ అంతే. నా చెయ్యి వణుకుతోందేమో చూడరా అని చాపాడు. వణకట్లేదు. కొంచెం వణుకుతోంది అన్నయ్యా అన్నాను.

జూన్ 15
ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. మీ అన్నయ్య కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు, మీరైనా ధైర్యం చెప్పండి అంది వదిన. చెప్పాను. వయసు మీద పడితే ఎవరికైనా అంతే అన్నాను. ఆయనకి ముప్ఫయ్యారు.

జూన్ 19
అన్నయ్య టెస్టు మానుకున్నాడు.

జూన్ 20, ఉదయం 8
లేచేసరికి నా సంచి సర్ది ఉంది. నిద్ర పట్టక అన్నయ్య నా స్లీవులన్నీ గీకి, గొట్టాల్లో సుత్తితో బిగించేశాట్ట. లాగితే ఊడవు. దేంతో గీకావని అడిగాను. నీ బ్రష్ అరిగిపోయిందిరా, నాదాంతోనే గీకాను, ఇక నాకెందుకు, నువ్వే ఉంచుకో అన్నాడు.
టెస్టు తొమ్మిదికి. వేరే గొట్టాలు లేవు. తేలు కుట్టిన దొంగలా సంచి భుజాన వేసుకున్నాను.

సాయంత్రం 5
నల్లటి బుడగలు. సూపర్వైజరు ఒక్క దెబ్బ వేశాడు, ముక్క నా కాళ్ళ దగ్గర పడింది. ఇనుము తగిలిన బ్రష్‌తో గీకిన గాడిదెవడయ్యా అని అరిచాడు. నాకు తోడొచ్చిన అన్నయ్య ముందుకొచ్చి, నేనేనండి అని తల దించుకున్నాడు. అందరూ నావైపు చూశారు.
అవునండి, మా అన్నయ్యే అన్నాను.

జూలై 2
ఇనుముకి ఎప్పుడు తగిలించానో గుర్తు రావట్లేదురా, నన్ను క్షమించు అని అన్నయ్య ఇవాళ కూడా అడిగాడు, గేటుకి చెయ్యి ఆనించి.
క్షమించాను.