ముసలి కుక్క నడిచింది

అమ్మమ్మా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు.

వెనక కాళ్ళు పడిపోయిన ముసలి కుక్కను మా పశువుల ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరమ్మ మందులు వాడుతూనే మర్దన పని నాకు అప్పగించారు. తాతయ్య కాళ్ళు నువ్వు పట్టినట్టే అరచేత్తో మెల్లగా ఇరవై రోజులు పట్టాను. నిన్న అది లేచి, నాలుగడుగులు వేసి, నా ఒళ్ళో వాలింది!

"నీ హస్తవాసి మంచిదమ్మా, ఎవరు నేర్పారు?" అన్నారు డాక్టరమ్మ.

"మా అమ్మమ్మండీ" అన్నాను, తలెత్తి.

ఇకనుంచి కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పాలట.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మ చేత కాపడం పెట్టించుకో. చెల్లి పరీక్ష ఎలా రాసింది? మామయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

అన్నట్టు, ఆసుపత్రి కాగితంలో నా గురువు పేరు రాయాలట. ఇంటిపేరుతో సహా నీ పూర్తి పేరు వెంటనే రాయించి పంపు.

నీ మనవరాలు