హాట్ బజార్‌కి రెండో భాగం

ఏప్రిల్ 9, 2023. ఈస్టర్ ఆదివారం, సాయంత్రం

చర్చి నుంచి రాయ్‌పూర్ మోవా పేటలోని ఇంటికొచ్చి బిర్యానీ ముందు కూర్చున్నానో లేదో ఆఫీసు ఫోన్. సర్వర్ పడిపోయింది. మళ్లీ.

ఐదేళ్లుగా జనం మా హాట్ బజార్‌లో కొట్లు పెట్టుకుని కూరగాయలు, గాజులు, బుట్టలు పరుచుకుంటున్నారు. ఒకరితో ఒకరు నోటితోనే బేరాలాడుకుంటున్నారు. హాట్ అంటే ఇక్కడి వారపు సంత. ఇది ఫోన్‌లో ఆడే ఆటే. కానీ ఆదివారం వస్తే నిజం సంతలాగే కిటకిటలాడుతుంది. ఆ కిటకిటే మా కొంప ముంచుతోంది. జనం పెరిగేసరికి ఆట బిగుసుకుపోతుంది. మళ్లీ తెరుచుకునేసరికి కొందరి బుట్టల్లో సరుకు ఉండదు.

సర్వర్ చూసేది నేను. తిట్లూ నాకే.

ఏప్రిల్ 10

గిరిధర్ గారు మీటింగ్ పెట్టారు. స్టూడియో ఆయనదే. రైలింజన్ డ్రైవర్ గారబ్బాయి, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగారు. పాత ఆటకి అతుకులేసి లాభం లేదు, హాట్ బజార్ 2 చేద్దాం అన్నారు. జూలైలో ఇక్కడి రైతులు చేసుకునే హరేలీ పండగనాడు ప్రకటించి, దీపావళికి పాత సర్వర్లు ఆపేస్తారట. బెంగళూరు పబ్లిషర్ మాటా అదే. సీక్వెల్ అంటే పేపర్లో వస్తుంది, బాగుచేశాం అంటే ఎవరికి పట్టింది?

మా ఆర్టిస్టు నీలిమ రెండో భాగానికి తను గీసినవి తెర మీద చూపించింది. తడిసిన టార్పాలిన్ అంచుల నుంచి కారే వాన. గొడుగుల కింద తోసుకునే గుంపు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఆ తర్వాత లేచి వద్దన్నాను. రోగం తెలుసుకోకుండా ఇల్లు మారితే రోగమూ వెంట వస్తుంది. పైగా ఐదేళ్లు కూర్చున్న వాళ్ల కొట్లన్నీ పోతాయి, అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.

నీ కోడ్ మీద మమకారంతో అంటున్నావా అని అడిగారు గిరిధర్ గారు. హిందీలో. కోపం వస్తే ఆయన హిందీలోకి వెళ్తారు.

మమకారం లేదని చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 12

అమ్మ రైల్వే ఆస్పత్రిలో నర్సుగా రిటైరైంది. ఆటల గోల తనకి పట్టదు. నిన్న పెసరపప్పు ఏరుతూ నేను చెప్పిందంతా విని, "పేషెంట్‌కి జ్వరం తగ్గట్లేదని ఇంకో పేషెంట్‌ని తెచ్చుకుంటారా ఎవరైనా?" అంది.

ఈ రోజు అదే మాట గిరిధర్ గారికి చెప్పాను. నవ్వలేదు. ఆపరేషన్‌కి తట్టుకోలేని పేషెంట్లూ ఉంటారు, అది కూడా మీ అమ్మగారినే అడుగు అన్నారు. కానీ పాతదాన్నే బాగుచేసి మే నెలలో ఒక ట్రయల్ చూడటానికి ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 26

దొరికింది.

సంత మొత్తం ఒకటే ముద్ద. ఒక మనిషి ఒక్కడుగు వేస్తే ఆ కబురు సంతలో ఉన్న ప్రతి ఫోన్‌కీ వెళ్తోంది. అదీ రోగం. సంతని గల్లీలుగా విడగొడితే ఏ గల్లీ కబురు ఆ గల్లీలోనే తిరుగుతుంది. ఎక్కడైనా బిగుసుకున్నా ఆ ఒక్క గల్లీయే. చెప్పుకుంటే ఇంత తేలిక. రాయడానికే ప్రాణం పోయేలా ఉంది.

మే 14, ఆదివారం

ట్రయల్. గల్లీ దాటిన ప్రతి గుమ్మడికాయా రెండైంది. ఈ గల్లీలో ఒకటి, ఆ గల్లీలో దాని కవల. టాటీబంధ్‌లో లోడింగ్ కోసం ఆగే లారీ డ్రైవర్లు గుంపుగా ఆడుతుంటారు. వాళ్లు ఈ కిటుకు పట్టేసి పొద్దుట్నుంచీ అటూ ఇటూ తిరిగారు. మధ్యాహ్నానికి సంత నిండా గుమ్మడికాయలే. వంకాయ అమ్ముకునేవాళ్లు నిలబడేందుకు చోటు లేదు.

ఇంకెవరి పనైనా అయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

మే 15

గిరిధర్ గారు ట్రయల్ లెక్కలు చూశారు. సీక్వెల్ పోస్టర్ మొదలుపెట్టమని నీలిమకి చెప్పి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

మే 21, ఆదివారం

రెండో భాగం సంగతి ఎలాగో బయటికి పొక్కింది. శుక్రవారం ఒక పెద్దావిడ ఆఫీసుకి ఫోన్ చేసి నిలదీశారు. తెలుగు వినగానే ఫోన్ నాకిచ్చారు. రంగనాయకమ్మ గారు, కాకినాడ వైపు వాళ్లు, రైల్వేలో క్లర్కుగా చేశారు. ఇల్లు ఈ ఊళ్లో దేవేంద్ర నగర్లోనే. ఆదివారం వస్తాం అన్నాను. గిరిధర్ గారిని కూడా రమ్మన్నాను. సీక్వెల్ ఎంత బాగుంటుందో తనే నచ్చజెబుతానని ఆయన ఉత్సాహంగా వచ్చారు.

ఆవిడ మంచం మీద బాసింపట్టు వేసుకుని ఫోన్‌లో కొట్టు తెరిచారు. గోంగూర అమ్ముతారు. కాసేపటికి దుర్గ్ నుంచి ఆడే ఒకతను ఆ కొట్టుకి వచ్చాడు. ధర దగ్గర ఇద్దరూ హిందీలో ఘోరంగా పోట్లాడుకున్నారు. కట్ట తీసుకున్నాక అతను మోకాలు నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆవిడ అతని కూతురి పరీక్షల గురించి అడిగారు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదట.

అంతలో ఆట బిగుసుకుపోయింది. మా ఇద్దరి ముఖాలూ మాడిపోయాయి. ఆవిడ మాత్రం ఫోన్ పక్కన పెట్టి మాకు టీ కలపడానికి లేచారు. కాసేపాగితే అదే వస్తుందిలే అన్నారు.

గిరిధర్ గారు ఇదే సందని అందుకున్నారు. కొత్తదాంట్లో ఇలా ఆగదు, పెద్ద కొట్టు, పైన రేకు, వాన పడినా తడవదు అని చెప్పారు. ఆవిడ అంతా విన్నారు.

"పెద్ద కొట్టిస్తారు, సరే. ఆ దుర్గ్ అబ్బాయి నన్ను ఎక్కడని ఢూండతాడు బాబూ? వేపచెట్టు పక్క గోంగూరమ్మ అంటేనే కదా వాడికి తెలిసేది. ఆ చోటు తీసేసి ఎంత బంగళా ఇచ్చినా నేను అందులో కొత్తదాన్నే."

గిరిధర్ గారు జేబులోంచి ఫోన్ తీశారు. ఆట తెరుచుకున్నాక తన ఫోన్‌లోంచి ఆవిడ దగ్గరే ఒక గోంగూర కట్ట కొన్నారు. చెప్పిన ధరకే. బేరమాడకుండా కొంటే నా పరువేం కావాలని ఆవిడ కోప్పడ్డారు.

తిరిగి ఆయన కార్లోనే వచ్చాం. మా ఇంటి సందు దగ్గర దింపుతూ అన్నారు. "హరేలీ దాకా టైమ్ తీసుకో. నిలబడితే పాతదే ఉంచుదాం. పడిందా, ఇంక సీక్వెల్ గురించి నువ్వు మాట్లాడకూడదు."

తెలుగులోనే అన్నారు.

జూన్ 7

నీలిమ మాట్లాడటం మానేసింది. పాతది నిలబడితే తన కష్టమంతా నీళ్లపాలు. ఆమెది తప్పు అనలేను.

జూన్ 13

గుమ్మడికాయల రోగం కుదిరింది. ఇప్పుడు ఇంకోటి. గల్లీలు విడగొట్టాక పక్క గల్లీ మనుషులు కనబడరు. సంత మధ్యలో నిలబడి చూస్తే చుట్టూ కర్ఫ్యూ పెట్టినట్టుంది. నిలబడింది కానీ సంత కాదు. ఇంత చేసి, పండగ కళ లేని సంతనా ఇచ్చేది?

మధ్యాహ్నం నీలిమ డెస్క్ దగ్గరికి వెళ్లాను. నీ గుంపు కావాలి అన్నాను. దూరపు గల్లీల్లో నిజం మనుషులను చూపించక్కర్లేదు, నువ్వు గీసిన జనం కదిలితే చాలు, దగ్గరికి నడిచేసరికి అసలు మనుషులు వస్తారు. తెర మీద తన గుంపు బొమ్మని తెరిచింది. తర్వాత తన వాన కూడా పాత ఆటలోకి వస్తుందా అని అడిగింది. అంతా తీసుకురా అన్నాను.

కుర్చీ లాగి పక్కన కూర్చోమంది.

జూన్ 27

రాయ్‌పూర్‌లో వాన. ఆటలోనూ వాన. కిటికీలోంచి ఒకటి, తెర మీద ఒకటి. నీలిమ బొమ్మ ఎక్కడ ఆగి అసలు మనిషి ఎక్కడ మొదలవుతున్నాడో నాకే తెలియట్లేదు.

ఇది రాసింది నేనే కదా!

జూలై 16

భయం.

జూలై 17, హరేలీ. ఉదయం 10

తెరిచాం. రాత్రంతా కురిసి బయట తెరిపిచ్చింది, లోపల మాత్రం వానే. వెదురు గెడీలు, అంటే ఎత్తు కర్రలు, ఎక్కి నడిచే పందెం పెట్టాం. టాటీబంధ్ డ్రైవర్లు అప్పుడే బురదలో పడుతున్నారు.

మధ్యాహ్నం 1

ఈస్టర్ నాటి జనాన్ని దాటేశాం. అన్నం తినలేదు. తినబుద్ధి కావట్లేదు.

మధ్యాహ్నం 3

గాజుల గల్లీ బిగుసుకుంది. వెనక గిరిధర్ గారు నిలబడి ఉన్నారు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. ఏమీ ముట్టుకోవద్దని నాకు నేనే చెప్పుకున్నాను. అదే లేవాలి, అలాగే రాశాను.

లేచింది. ఒక్క గాజు పోలేదు. ఒక్క గాజూ రెండు కాలేదు. పక్క గల్లీల్లో ఎవరికీ ఏం జరిగిందో కూడా తెలియదు, బేరాలు సాగుతూనే ఉన్నాయి.

నీలిమ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఇంకా నొప్పిగానే ఉంది.

సాయంత్రం 7

ఈస్టర్‌కి రెండింతల జనం. పొద్దుట్నుంచి ఇప్పటిదాకా సంత పడలేదు. ఆఫీసంతా ఎవరి ఫోన్‌లో వాళ్లు కొట్లు పెట్టుకుని కూర్చున్నారు, ఒక్కరూ ఇంటికి కదలట్లేదు. రంగనాయకమ్మ గారి గోంగూర మధ్యాహ్నానికే అయిపోయిందట. వేపచెట్టు కింద ఖాళీ చేతులతో కూర్చుని అందరితో కబుర్లు చెబుతున్నారు.

బెంగళూరు వాళ్లు ఫోన్ చేసి ఇంతకీ సీక్వెల్ సంగతి ఏం ప్రకటించమంటారు అని అడిగారు. గిరిధర్ గారు స్పీకర్ పెట్టి, మా అందరి ముందే చెప్పారు.

"హాట్ బజార్‌లో వాన పడిందని ప్రకటించండి."

అరిచాం. టేబుళ్లు కొట్టాం. నేను కుర్చీ ఎక్కాను. ముప్పై రెండేళ్ల మనిషిని, చర్చి కాయర్‌లో పాడేదాన్ని, కుర్చీ ఎక్కి ఈల వేశాను.

జూలై 18

అమ్మ కూడా ఆడతానంది. కొట్టు పెట్టించాను. పది నిమిషాల్లో విసుగొచ్చి ఫోన్ ఇచ్చేసింది. అది కూడా రాయాలిగా.

ఆగస్టు 6, ఆదివారం

ఎవరో కొత్తగా చేరినతను సపోర్ట్‌లో అడిగాడు: ఈ రెండో భాగం చాలా బాగుంది, మొదటిది ఎక్కడ దొరుకుతుంది?

ఇదే అని రాశాను.