విమానం వస్తున్నది, ఆపు

శంషాబాద్,
9 సెప్టెంబర్ 2025

చెల్లె సిల్వియాకు,

ప్రభువు పేరట మీ ఆశేరన్న, అమ్మ సీతమ్మ ఇద్దరి వందనాలు. మేం మంచిగున్నం. అమ్మ మోకాళ్లు ఎప్పటి లెక్కనే, నోరు మాత్రం భేషుగ్గ పనిచేస్తున్నది. నువ్వు బొంబాయిల సరిగ తింటలేవంట గద, ఆ కోపం గూడ నా మీదనే తీస్తున్నది.

ముందుగాల ఖుషీ ముచ్చట. మొన్న బాలాపూర్ గణేశుని సాగనంపేటప్పుడు డీజే బండి మీద మన రెండో ఆల్బమ్ పాటనే మోగింది. పోరగాండ్లు మామూలుగ ఎగరలే! అమ్మ టీవీల చూసి, అగో మా సిల్వియా పాట అని గల్లీ అంత పిలిచి చూపెట్టింది.

ఇగ నీ సంగతి. నిన్న ఫోన్ల ఒకటే ఏడుపు. మూడో ఆల్బమ్‌ల ఒక్క పాట గూడ కంపెనీవాళ్లు ఒప్పుకుంటలేరని, ఈ వారంల కుదరకపోతె వేరే పాటగత్తెను పెట్టుకుంటమన్నరని, ఆశేరన్న లేకపోతె నాతోని ఏం గాదని, టికెట్ పంపిస్త రమ్మని. ఫోన్ల నన్ను మాట్లాడనిస్తివా? అందుకే రాస్తున్న. నేను రాను పిల్లా. కోపంతోని కాదు. నా పని నాకు తెలుసు కాబట్టే రాను.

రెండు ఆల్బమ్‌లకు బాణీలు సరిజేసింది నేనే. డప్పు ఏడ పడాల్నో, గిటార్ ఏడ ఊకోవాల్నో చెప్పింది నేనే. అండ్ల నన్ను మించినోడు లేడని నేనే చెప్పుకుంట, సిగ్గెందుకు! కాని జనం పడి సచ్చింది నీ గొంతుకు. చర్చిల క్వైర్ వెనక వరుసల నిలబడి, పక్కపిల్ల మీద గుర్రుమనుకుంట పాడిన గొంతది. నేను విన్న, పట్టుకొచ్చి చెల్లెను చేసుకున్న.

మన స్టూడియో యాదికున్నదా? విమానాల దారి కింద కిరాయికి తీసుకున్నడు, బుద్ధిలేనోడు అని అందరు నవ్విండ్రు. నువ్వు మంచి ఊపుల ఉన్న అనుకున్నప్పుడే నేను చెయ్యి లేపి, విమానం వస్తున్నది, ఆపు అనేటోన్ని. నువ్వు హెడ్‌ఫోన్లు బల్ల మీద కొట్టి, బయట మక్కకంకులు కాలుస్తున్న అమ్మతోని కొట్లాటకు పోయేదానివి. కంకి మాడ్చినవని నువ్వు, నమలనీకి నీకు పండ్లు లేవా అని అమ్మ. ఆ గరం మీదనే లోపలికొచ్చి పాడినవి చూడు, అవ్వే రెండు ఆల్బమ్‌లు. వేరేవి ఒక్కటి గూడ పెట్టలే నేను.

అక్కడ అద్దాల గది, బయటి చప్పుడు ఒక్కటి గూడ వినబడదు, పొద్దుందాక ఆపకుండ పాడిస్తున్నరు అన్నవ్. పాడు. భయపడకు. నువ్వు గెలుస్తవ్, కావాల్నంటే రాసిస్త.

నీ మీద నీకన్న ఎక్కువ నమ్మకమున్న
అన్న ఆశేర్

తా.క.: ఒక్క ముచ్చట ఇన్నేండ్లు నీకు చెప్పలే. మన స్టూడియోల విమానం చప్పుడు ఒక్కనాడు గూడ మైకుల పడలే. గోడలకు జానెడు మందం పరుపులు కొట్టిచ్చిన. నువ్వు హెడ్‌ఫోన్లల్ల ఉంటివి, నీకెట్ల తెలుస్తది? సినిమా పాటగత్తెల లెక్క తియ్యగ సాగదీసుడు నువ్వు మొదలుపెట్టినప్పుడల్ల నాకు విమానం వచ్చేది. మొఖం మీద చెప్తె ఏడుస్తవ్ గద! అక్కడ నీకు విమానం రాదు చెల్లె. గొంతుల ఆ తీపి ఎక్కుతున్నదనిపించంగనే నువ్వే చెయ్యి లేపు. బయటికొచ్చి అమ్మకు ఫోన్ కొట్టు. కంకులు కాలుస్తున్నది, నిన్ను తిట్టనీకి తయారుగున్నది.