పిండి అంటిన కాగితాలు

ఉదయగిరి,
4-6-2025, బుధవారం.

ప్రియమైన హనుమాకు,

నేను క్షేమం. నువ్వు ఆత్మకూరులో బాడుగ గదికి వెళ్లి ఈ రోజుకు పదకొండు రోజులు.

నిన్న నువ్వు ఫోను చేశావు. ఎత్తాను. ఈగ తిరిగినట్టు చప్పుడు తప్ప మాట తెలియలేదు. ముప్పై ఐదేళ్లు పిండిమర పక్కన నిలబడ్డ చెవులకు ఇక ఫోను పనికిరాదు. అందుకని ఉత్తరం. కండక్టర్ ఓబులయ్య మొదటి ట్రిప్పులో తెచ్చి, ఆత్మకూరు బస్టాండు పక్క టీకొట్టులో ఇస్తాడు. నువ్వు ఆసుపత్రికి పోయే దారే కాబట్టి తీసుకోవచ్చు. ఉత్తరం ఇస్తాను, తీసుకుపోతావా అని అడిగితే, "ఏంది శెట్టిగారా, ముసలితనంలో లవ్ లెటరా" అని నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచినాడు. బస్సులో వాళ్లంతా నవ్వారు. నాకు ఆ మాట ఒక్కటి స్పష్టంగా వినిపించింది.

రాయడానికి నాకు వేరే సంగతులు లేవు. రోజూ పుస్తకంలో రాసుకునేదే రాస్తాను. ఈ రోజు జొన్నలు పద్దెనిమిది కిలోలు. రాగులు ఆరు. మిరపకాయలు తొమ్మిది, దేవకమ్మవి. కారం ఆడేటప్పుడు పక్కింటి వాళ్లు తుమ్ముకుంటూ తలుపు వేసుకున్నారు.

బస్సు మెట్టు మీద నిలబడి నువ్వన్న మాట గుర్తుంది. "మర ఆగిన రోజు గది ఖాళీ చేసి వచ్చేస్తాను. నా కోసం మీరు ఈ వయసులో ఇంకొకరి కొట్టులో పనికి పోవద్దు" అన్నావు. మర ఆగలేదు. ఆగదు. వారానికి మూడుసార్లు నువ్వు డయాలసిస్ కోసం రానూ పోనూ నాలుగు గంటలు బస్సులో తిరిగిన చలికాలం నేను మరిచిపోలేదు. ఆత్మకూరు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోతే, ఎవరో నాకు ఫోను చేసి చెప్పారు. నేను వినలేకపోయాను. సాయంత్రం ఓబులయ్య చెబితే తెలిసింది. మళ్లీ అలాంటి రోజు వద్దు. గదిలోనే ఉండు.

ఇంతే సంగతులు.
నీ కోదండరామయ్య

---

ఆత్మకూరు,
12-6-2025.

ప్రియమైన మా ఇంటాయనకు, హనుమాయమ్మ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం విప్పితే మడతలోంచి జొన్నపిండి ఒళ్లో రాలింది. దులుపుకోలేదు. కాసేపు అట్లాగే కూర్చున్నాను. మన ఇంట్లో ఆ పిండి తుడవలేక ఎన్నిసార్లు మిమ్మల్ని తిట్టానో. తలుపు గడియ మీద, దేవుడి పటాల మీద, మీ కనుబొమల మీద. ఈ గదిలో ఎక్కడ చెయ్యి పెట్టినా శుభ్రంగా ఉంది. అదే బాగాలేదు.

ఇక్కడ కుళాయికి ఏటి నీళ్లు వస్తాయి. కందిపప్పు మూడు విజిళ్లకే మెత్తబడుతుంది. మన బోరు నీళ్లలో గంట ఉడికినా పలుకు పోదు గదా. మొదటి రోజు పప్పు గంజి అయిపోయింది. యాభై ఏళ్లు ఏ నీళ్లు తాగావమ్మా అని డాక్టరు అడిగాడు. అందరూ తాగేవే తాగానని చెప్పాను. తల ఊపి రాసుకున్నాడు.

ఆసుపత్రిలో నా పక్క మంచం ఎస్తేరమ్మది. జలదంకి అవతల పల్లె. కూలి చేసుకునే మనిషి. గది తీసుకునే దారి లేక వారానికి మూడు రోజులు రెండు బస్సులు మారి వస్తుంది. మిషను మీద ఉన్న నాలుగు గంటలూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తుంది. "అక్కా, మనం గుడ్డలమే. సోమ, బుధ, శుక్ర ఉతుకుతారు. మిగతా రోజులు ఆరబెడతారు" అంటుంది. నర్సమ్మ కూడా నవ్వింది.

ఆమె ఉన్న రోజులు తొందరగా పోతాయి. ఆదివారం మాత్రం గడవదు. పిల్లలు లేని ఇంట్లో ఇన్నేళ్లు ఒంటరితనం అనుకున్నాను. అది కాదు. అక్కడ మర చప్పుడు ఉండేది.

మీరు మజ్జిగ తాగి పడుకోవద్దు. అన్నం వండుకోండి.

మీ మాట కోసం ఎదురుచూసే
హనుమాయమ్మ

---

ఉదయగిరి,
18-8-2025, సోమవారం.

ప్రియమైన హనుమాకు,

నీ ఉత్తరం అందింది. ఒంట్లో నీరు తగ్గిందన్నావు. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను.

ఈ రోజు రాగులు పది కిలోలు. జొన్నలు పదిహేను. బియ్యం నాలుగు, అట్లకు. నాకు దుమ్ముదగ్గు చాలావరకు తగ్గింది.

శనివారం మన ఊరి సచివాలయం నుంచి సాయిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఇళ్లలో మనుషులు ఎట్లా బతుకుతున్నారో రాసుకుంటున్నారట. గిరాకీ వాళ్ల కోసం పెట్టుకున్న నా పలక తీసుకుని ప్రశ్నలు దాని మీదే రాసింది. నేను నోటితో చెప్పాను. తాగే నీళ్లు ఎక్కడివి, ఆసుపత్రి ఎంత దూరం, గ్యాస్ ఉందా. అన్నిటికీ చెప్పాను. ఇంట్లో ఎంతమంది అని రాసింది. ఇద్దరు అన్నాను. ఆ పిల్ల వంటింట్లోకి తొంగి చూసింది. బోర్లించిన కంచం ఒకటి, గ్లాసు ఒకటి. "అవ్వ ఇక్కడ ఉండటం లేదు గదా తాతా, ఒకరే" అని రాసి చూపించింది.

తర్వాత ప్రశ్న, అవసరం వస్తే పిలవడానికి ఎవరున్నారు అని. నీ పేరు చెప్పాను. రెండు గంటల దూరంలో ఉన్న మనిషి లెక్కలోకి రాదట. ఆ గడి ఖాళీగా పెట్టుకుని పోయింది. మంచి పిల్లే. పోతూ పోతూ వాకిట్లో ముగ్గు లేదని పలక మీద రాసి పోయింది.

గది బాడుగ ఓబులయ్య చేత పంపాను. పండ్లు కొనుక్కోమనేవాడినే, డాక్టరు వద్దన్నాడు కాబట్టి ఊరుకుంటున్నాను.

నీ
కోదండరామయ్య

---

ఆత్మకూరు,
9-9-2025.

ప్రియమైన మా ఇంటాయనకు నమస్కారాలు.

ఇక్కడికీ ఒక అమ్మాయి వచ్చి అవే ప్రశ్నలు అడిగింది. నేనూ ఇద్దరనే చెప్పబోయాను. గది చూసి ఒకరని రాసుకుంది. అక్కడొకరు, ఇక్కడొకరు. ఆ లెక్కలో మనం రెండు ఇళ్లం.

వానలు పడుతున్నాయి. గదిలో గోడ చెమ్మగిల్లింది. ఇంటావిడ పాత గోనెపట్టా ఇచ్చింది, పరుచుకున్నాను. శుక్రవారం సూది గుచ్చిన చోట చెయ్యి వాచింది, ఇప్పుడు పర్వాలేదు.

ఈ మధ్య మీ కాగితాలు శుభ్రంగా వస్తున్నాయి. చేతులు కడుక్కుని రాస్తున్నారా? కడుక్కోవద్దు. పిండి రాలితే నాకు బాగుంటుంది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

హనుమాయమ్మ

---

ఉదయగిరి,
17-9-2025, బుధవారం.

ప్రియమైన హనుమాకు,

నువ్వు అడిగినట్టే చేతులు కడుక్కోకుండా రాస్తున్నాను. మడత జాగ్రత్తగా విప్పు.

ఈ రోజు పొద్దున్నే వెంకమ్మ పన్నెండు కిలోల సజ్జలు తెచ్చింది. కొత్త పంట. మెత్తగా ఆడాలని మూడుసార్లు చెప్పింది. ఇంకా మినుములు మూడు కిలోలు, జొన్నలు ఎనిమిది. తీరిక లేదు.

ఒక సంగతి అడుగుతున్నాను. ఇప్పటివరకు నువ్వు రాసినవి ఆరు ఉత్తరాలు. మొదటి నాలుగింటిలో ఎస్తేరమ్మ ఉంది. చివరి రెండింటిలో లేదు. ఆమెకేమైనా అయిందా? నాకు చెప్పకూడదని అనుకుంటే చెప్పవద్దు. ఆమె గుడ్డల మాట నేను పలక మీద రాసుకుని చాలా రోజులు తుడవలేదు.

ఒంటి సంగతి వెంటనే రాయి.

నీ
కోదండరామయ్య

---

ఆత్మకూరు,
2-10-2025.

ప్రియమైన మా ఇంటాయనకు,

మీరు అడిగింది ముందు చెబుతాను. ఆగస్టు నెలలో ఒక శుక్రవారం ఎస్తేరమ్మ రాలేదు. ముందు రోజు పెద్ద వాన. వాళ్ల పల్లెకు బస్సు రాలేదని తర్వాత తెలిసింది. బస్సు లేకపోతే ఆమెకు ఆ రోజు ఆసుపత్రి లేనట్టే. సోమవారమూ రాలేదు. బుధవారం ఆ మంచం మీద వేరే దుప్పటి పరిచి ఉంది. నర్సమ్మ చేతిలో పట్టీలో ఆమె పేరు కొట్టేసి ఉంది. ఆ రోజు నాలుగు గంటలూ పైన ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకున్నాను. నాకూ ఆమెకూ రోగం ఒకటే. నాకు గది ఉంది, ఆమెకు లేదు.

ఇప్పుడు నా సంగతి. మీ ఉత్తరం మడత జాగ్రత్తగానే విప్పాను. పిండి రాలింది. అరచేతిలోకి తీసుకున్నాను. తెల్లగా, జారుడుగా ఉంది. వాసన చూశాను, లేదు. నాలుక మీద వేసుకున్నాను. సజ్జపిండి అయితే బూడిదరంగు ఉంటుంది, రోజు గడిచేసరికే చేదు వాసన పడుతుంది. ఇది ప్యాకెట్ గోధుమపిండి. ముప్పై ఐదేళ్లు మీ మరలో పిండి జల్లించిన దాన్ని. ఎవరిని మోసం చేద్దామని చల్లారు?

కానీ ఈ పిండి చూసి తెలుసుకోలేదు. జూలైలో మీ కాగితం మొదటిసారి శుభ్రంగా వచ్చినప్పుడే తెలుసు. మర ఆగిందని ఆ రోజే తెలుసు.

తెలిసి ఎందుకు ఊరుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. తెలిసిందని చెబితే అన్న మాట ప్రకారం గది ఖాళీ చేసి వచ్చేయాలి. వస్తే మళ్లీ ఆ బస్సులు. నాకు బతకాలని ఉంది. ఈ వయసులో ఇంత ఆశ ఉంటుందని నాకే తెలియదు. అందుకని మీ అబద్ధం నమ్మినట్టు నటించి, మీ కష్టం మీద పడి ఉన్నాను. బాడుగ ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా అడగలేదు. నన్ను తప్పుపట్టండి.

ఎస్తేరమ్మ పోయాక ఇక ఊరుకోలేకపోయాను. మాట్లాడే మనిషి లేదు. ఇక్కడ కూరగాయల మార్కెట్ వెనక ఒక మర ఉంది. ఇంకా ఆడుతోంది. హోటళ్ల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు తెస్తారు. నడిపే అతని పేరు నరసింహ. మంగళవారం పోయి అడిగాను. మా ఆయనకు మర పని తెలుసు, అరిగిన మర రాళ్లకు గాట్లు పెట్టడం తెలుసు, కానీ చెవులు వినపడవు అని చెప్పాను. నేను చెప్పేది అతనికి వినపడక, మర ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. విని నవ్వినాడు.

"మరలో చెవులెందుకవ్వా? నాకు మాత్రం ఏం వినపడతాదని. రాళ్లకు గాట్లు పెట్టేవాడు దొరక్క ఆర్నెల్లయింది. ముందు ఆయన్ని తోలుకొని రా."

వస్తే నాకు చాకిరీ పెరుగుతుందని మీరు అనుకుంటారు. అనుకోండి. అనుకుంటూ బస్సెక్కండి. మీరు రాకపోతే మాత్రం నేనే అన్న మాట నిలబెట్టుకుంటాను. బతకాలని ఉన్నా సరే, గది తాళం ఇంటావిడ చేతిలో పెట్టి వచ్చేస్తాను.

మీ
హనుమాయమ్మ

---

ఉదయగిరి,
7-10-2025, మంగళవారం.

ప్రియమైన హనుమాకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను.

జూలై తొమ్మిదిన మోటారు కాలింది. వింజమూరు నుంచి మెకానిక్ వచ్చి చూశాడు. రోజుకు ముగ్గురు గిరాకీ, ఇంకెందుకు శెట్టిగారా అని పలక మీద రాశాడు. అందరూ ప్యాకెట్ పిండికి అలవాటు పడ్డారు. పదో తేదీ నుంచి నారాయణయ్య హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో ఆ ప్యాకెట్లే నింపుతున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా నాకు తేడా లేదు. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ మర తలుపు తీసి కాసేపు కూర్చుంటాను.

జూలై నుంచి నేను రాసిన లెక్కలు అబద్ధం కాదు హనుమా. ఆ రోజువి కావు, అంతే. 2009 పుస్తకం తీసి, అదే తేదీ చూసి రాశాను. ఆ సెప్టెంబరు పదిహేడున వెంకమ్మ నిజంగానే సజ్జలు తెచ్చింది. నువ్వు జల్లించావు. ఆ పుస్తకంలో నీ వేలిముద్ర కూడా ఉంది, పిండిది.

రాకపోవడానికి కారణం బాడుగ ఒక్కటే కాదు. ఇక్కడ నేను చెవిటివాడినని అందరికీ తెలుసు. కొత్త ఊళ్లో ప్రతివాడికీ చెప్పుకోవాలి. నీ ప్రాణానికి ఇంకో రోగిని తోడు చేయడం ఎందుకనిపించింది. నిన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. నువ్వు బతకాలనుకున్నావని చదివి, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడూ అక్కడే ఉంది.

నారాయణయ్యకు చెప్పాను. గాట్లు పెట్టే సుత్తి, ఉలి, పలక సంచిలో సర్దాను. శుక్రవారం మొదటి బస్సుకు వస్తున్నాను. నేరుగా ఆసుపత్రికే వస్తాను. ఎస్తేరమ్మ మంచం పక్కన స్టూలు ఉంటే నాకు చాలు. నన్ను నవ్వించమని అడగవద్దు, నాకు చేతకాదు. నాలుగు గంటలూ కూర్చుంటాను.

ఈ రోజు సచివాలయానికి పోయాను. మా ఇంటి లెక్క సరిచేయాలని సాయిశ్రీకి చెప్పాను. అవ్వ వచ్చేసిందా అని పలక మీద రాసింది. నేనే పోతున్నానని చెప్పాను. "అయితే ఇక్కడ సున్నా వేయాలి తాతా" అని రాసి, వేయనా వద్దా అన్నట్టు నా ముఖం చూసింది. వేసుకోమన్నాను.

అక్కడి అమ్మాయి మళ్లీ వస్తే ఇద్దరని చెప్పు.

నీ
కోదండరామయ్య