నెలిదా బండి

ఇకా పట్టణం, మంగళవారం

యుసేబియో,

ఆదివారం మీ అక్క నెలిదా మోటార్‌సైకిల్ మీద అదే ఇసుకదిబ్బ ఎక్కుతావని విన్నాను. వద్దు.

ఇసుకలో వేగం తగ్గిస్తే చక్రం కూరుకుపోతుందని నెలిదాకు నేర్పింది నేనే. ఆ రోజు దిబ్బ కొన దగ్గర, అవతల ఏముందో చూడడానికి ఆమె ఆగబోయింది. "తగ్గించకు" అని వెనక నా బండి మీద నుంచి అరిచాను.

"మీ పాఠం నాకొచ్చు మాస్టారూ, నోరు ముయ్యండి" అని నవ్వి, బండిని దూకించింది. అవతల నిట్టనిలువు జారుడు.

అంత్యక్రియల రోజు నువ్వు నా పళ్ళు రాలగొట్టావు. నీకు సగమే తెలుసు. పడ్డప్పుడు ఆమె చనిపోలేదు. రెండు వందల నలభై కిలోల బండి ఆమె గుండెల మీద ఉంది. ఎత్తాను. కాళ్ళ కింద ఇసుక జారి, అది మళ్ళీ ఆమె మీదే పడింది. మూడుసార్లు. రెండోసారి దాకా నన్ను తిడుతూనే ఉంది.

వెళ్ళక తప్పదంటే, ఒంటరిగా మాత్రం వెళ్ళకు. ఒక్క మనిషి ఆ బండిని ఎత్తలేడు.

నీ బావ