ప్రత్యూష పట్టిన తాడు

నెల్లూరు, ఆసుపత్రి వరండా

చిరంజీవి సుప్రియకు నాన్న ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. ఫోన్‌లో చెబుదామంటే నీ కూతురు ప్రత్యూష పక్కనే చెవులు నిక్కించి వింటుంది. రెజీనా రేపు మస్కట్‌కు, నువ్వుండే చోటికే, తిరిగి బయలుదేరుతోంది గనుక కలం పట్టాను. ఇంట్లో మిగతా అందరం క్షేమం. ప్రత్యూష సంగతి చివరిదాకా చదువు.

రెజీనాతో పంపిన ఉత్తరంలో, పిల్లను రోజూ నడిపిస్తున్నావా అని అడిగావు. నడిపిస్తున్నాను. ముందు పంచదార నీళ్లు, తర్వాత హార్బరు దాకా నత్తనడక. పిల్లకున్న జబ్బు పేరు నాకు నోరు తిరగదు గానీ సంగతి అర్థమైంది. కండలో చక్కెర నిల్వ ఉంది, దాన్ని వాడుకునే శక్తి లేదు. మొదట కాళ్లు పట్టేస్తాయి, ఆగి మెల్లగా కదిలితే దారిన పడతాయి. మన ఫ్రెడ్డీ బోటు ఇంజనూ అంతే. పొద్దున్నే వాడు దాన్ని తిట్టే తిట్లు రాయాలంటే ఇంకో కాగితం కావాలి. నడక మంచిది, బరువులు లాగడం మాత్రం వద్దని డాక్టరమ్మ నాకు గట్టిగానే చెప్పింది.

మొన్న జువ్వలదిన్నె గట్టు మీద పెద్ద వల లాగుతున్నారు. తాడు పట్టిన ప్రతివాళ్లకీ చేపల్లో వాటా. మధ్యలో వదిలితే వాటా లేదు, పైగా ఎగతాళి. నీకు తెలియనిది కాదు.

"నాకూ వాటా కావాల తాతా" అంది ప్రత్యూష.

"ఊరికే చెయ్యి ఆనించు" అని నేనే నిలబెట్టాను. ఆనించి ఊరుకుంటుందా? మడమలు ఇసుకలో దిగేసి లాగింది.

"ఏం పాపా, వదిలేస్తావా? నీ వాటా నాకేలే!" అని ఫ్రెడ్డీ ఉడికించాడు.

"వదల్ను పో!"

కాసేపటికి నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అడిగింది. "తాతా, చేతులు బిగుసుకపోతా ఉండాయి. వదిలేసేదా?"

సుప్రియా, నన్ను ఏమన్నా అను. "ఇంకొంచేపే తల్లీ, వల వచ్చేసినాది" అన్నాను. నలుగురూ చూస్తున్నారని అన్నాను.

సాయంత్రానికి మూత్రం కాఫీ డికాషన్‌లా వచ్చింది. కండ దెబ్బతిని ఆ భారం మూత్రపిండాల మీద పడిందట. వెంటనే ఇక్కడికి తెచ్చాం, సెలైన్ ఎక్కించారు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నిద్రపోతోందని అబద్ధమాడాను. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఈ పొద్దున రంగు తేటపడింది. మూత్రపిండాల సంగతి రేపటి రక్తపరీక్షలో తేలుతుంది. నువ్వొచ్చి పిల్లను తీసుకుపోతానంటే అడ్డుచెప్పను. నడక మాత్రం మానిపించకు.

ఇందాక నర్సమ్మ నాలుగడుగులు వేయించమంది. వరండాలో సగం దూరం నడిచి, "చాలు తాతా" అని ప్రత్యూష తనే బెంచీ మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడి ఉన్న
నాన్న