ముప్పై ఐదు దాటితె ఇంటికి పోదమనుకున్నడు

కోరుట్లల ఉన్న లక్ష్మక్కకు, తమ్ముడు రాజు దండం పెట్టి రాసేది.

నేను మంచిగున్న. మీరు గూడ మంచిగనే ఉన్నరనుకుంటున్న. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ పనికి పోతుండా? ఈడ మలేషియాల రోజూ వానలే. కుర్చీలు చేసే కంపెనీల పని బాగనే ఉంది. పచ్చిపులుసు నేనే చేసుకుంటున్న. నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్ల చెప్దమంటే రూముల అందరుంటరు. అందుకే రాస్తున్న.

నా పక్క మంచం ఆంగ్‌ది. ఆయనది బర్మా. ఆళ్ల దేశంల ఆళ్లల్ల ఆళ్లకే యుద్ధం నడుస్తుంది. ముప్పై ఐదేండ్ల లోపు మొగోళ్లను బలవంతంగ మిలిటరీల కలుపుతున్నరట. గందుకే తల్లికి పానం బాగలేకున్నా పోలేకపోయిండు. "ముప్పై ఐదు దాటనీ, పోయి అమ్మను చూసస్త" అనేటోడు. తెల్లెంటిక కనవడితే సంబురపడేటోడు అక్కా.

పోయిన ఐతారం గా వయసు దాటింది. నేను బగార, కోడికూర వండిన. తినుకుంటనే తల్లికి ఫోన్ చేసిండు. ఆమె ఏమన్నదో గని, చేతిల ముద్ద పళ్లెంలనే పెట్టిండు.

"ఏమైందే?" అన్న.

"పని నేర్చినోళ్లనైతే నలభై ఐదు దాక తీసుకపోతరట. నాకు కరెంటు పని అస్తదని ఊళ్లె అందరికి ఎరుకే. రాకు కొడుకా అంటుంది."

"మరి అమ్మను ఎవలు చూస్తరు?"

"చెల్లె ఉంది. నువ్వు పానంతోని ఉంటే చాలు, నన్ను చూడకున్నా మంచిదే అన్నది."

భుజం మీద చెయ్యేసి పక్కన కూసున్న. తెల్లారి, తల్లికని కొన్న దుప్పటి సంచిలకెళ్లి తీసి నా చేతిల పెట్టిండు. "మీ అమ్మకు పంపు" అన్నడు. వద్దంటే వినలే. నాకు సెలవు దొరుకుడే ఆలస్యం, ఇంటికి అస్త. గట్ల రాగలుగుడు గూడ ఒక అదృష్టమని ఎన్నడనుకోలే.

మా కంపెనీల కోనరావుపేట నర్సయ్యన్న ఈ నెల ఇంటికి అస్తుండు. దుప్పటి ఆయనతోని పంపుతున్న. అమ్మకు సంగతంతా చెప్పు. పెట్టెల దాయకుండ కప్పుకోమను. కప్పుకున్నంక ఫొటో తీసి పంపు. ఆంగ్ అడిగిండు.

బావకు నమస్తే చెప్పు, పిల్లలకు ముద్దులు. అమ్మను నన్ను దీవించుమను, ఆంగ్‌ను గూడ.

నీ తమ్ముడు,
రాజు